చేతికి పని, కంటికి చదువు



మన ఉన్నత పాఠశాలల్లో వారానికి ఒకటో రెండో డ్రాయింగ్ పిరియడ్లు ఉంటాయి. ఆ పిరియడులో ఏం జరుగుతుందో మీలో చాలామందికి అనుభవమే. మాస్టారు బోర్డు మీద రెండు కొండలు, వాటి మధ్య ఉదయించే సూర్యుడు, కింద ఒక గుడిసె, పక్కన ఒక కొబ్బరిచెట్టు వేస్తారు. పిల్లలు దాన్ని చూసి నోటుపుస్తకంలో దించుకుంటారు. పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఆ పిరియడు కాస్తా లెక్కల మాస్టారి చేతిలోకి వెళ్లిపోతుంది. ఎవరూ పెద్దగా బాధపడరు. తిరుత్తణిలో చదివే పిల్లవాడు తల ఎత్తి కిటికీలోంచి చూస్తే నిజమైన కొండే కనిపిస్తుంది. దాని మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి, పైకి పోయే 365 మెట్లు కనిపిస్తాయి. అయినా వాడి పుస్తకంలో మాత్రం ఎక్కడా లేని ఆ త్రికోణపు కొండలే ఉంటాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వాడు ఊళ్లో ఉన్న కొండను చూడడమే మానేస్తాడు.

ఈ పిరియడును మరో విధంగా ఎలా వాడుకోవచ్చో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు తమ చేతులతో, తమ ఊళ్లో దొరికే వస్తువులతో చేయగల కళాకృత్యాలు ఒక అయిదింటిని మీ ముందుంచుతాను. డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి.

ముందుగా ఈ ప్రాంతం సంగతి ఒక్క మాట. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997లో చెంగల్పట్టు జిల్లాను విడదీసి తిరువళ్లూరు జిల్లా చేసినప్పుడు అందులోకి వచ్చింది. పళ్లిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంటారు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. ఇక్కడ బతికే పిల్లలకు తమిళం అవసరమే, అది గొప్ప భాషే. అయితే దానితోపాటు మనం గమనించని నష్టం ఒకటి జరుగుతున్నది. ఇంటి తెలుగు వంటకీ, పలకరింపుకీ, తగాదాకీ మిగులుతున్నది కానీ, పనికి సంబంధించిన తెలుగు మెల్లమెల్లగా పోతున్నది. మగ్గం పోతే మగ్గంతో పాటు నలభై మాటలు పోతాయి. కుమ్మరి సారె ఆగిపోతే దాని మాటలూ ఆగిపోతాయి. ఆ మాటలు పుస్తకంలో చదివితే నిలిచేవి కావు. చేయి ఆ పని చేసినప్పుడే నోటికి వస్తాయి.

నేను డ్రాయింగ్ మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు నేత గురించి చెబుతూ, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్య పనిముట్టు పేరేమిటని అడిగాను. నేతపని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు క్లాసులో అరడజను మందైనా ఉన్నారు. ఎవరూ పలకలేదు. చివరికి వెనక బెంచీలో ఒక పిల్లవాడు, తప్పు ఒప్పుకుంటున్నట్లు, నెమ్మదిగా "నాడె" అన్నాడు. ఆ మాట తెలియడం వాడికి గొప్పగా అనిపించలేదు. సిగ్గుగా అనిపించింది. మరో వారం మేము అట్టల మీద నేత మొదలుపెట్టినప్పుడు నా పడుగు దారం తెగింది. నేను ముడి వేయబోతుంటే వాడు లేచి వచ్చి, "ముడి వేస్తే గుడ్డలో గింజలా తగులుతుంది సార్" అని, రెండు కొసలూ వేళ్లు తడిచేసి పురి పెట్టి అతికాడు. ఆ రోజు క్లాసుకు వాడే మాస్టరు. ఆ తరువాత "నాడె" అనే మాటను క్లాసంతా గట్టిగానే పలికింది.

ఇక పనుల్లోకి వద్దాం. బడి జూన్‌లో మొదలవుతుంది కాబట్టి మనమూ జూన్ నుంచే మొదలుపెడదాం. ఏ నెలకు ఏ పని అనేది మన వానలూ ఎండలూ, పండుగలూ చూసి ఏర్పరచినది.

జూన్ నెల పని మట్టిది. మన జిల్లాకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. జూన్ నాటికి చాలా చెరువులు అడుగంటి ఉంటాయి. ఊరి పెద్దలను అడిగి రెండు బక్కెట్ల ఒండ్రుమట్టి తెచ్చుకోవాలి. దాన్ని నీళ్లలో నానబెట్టి, పలచగా కలిపి, పాతగుడ్డలో వడగట్టి, రెండు రోజులు కదపకుండా ఉంచితే మెత్తని మన్ను అడుగున చేరుతుంది. పైనీళ్లు వంచేసి, మట్టిని గోనెసంచి మీద ఆరనిచ్చి, చేతికి అంటుకోని పాకానికి వచ్చాక కొంచెం సన్నని ఇసుక కలిపి పిసకాలి. ఇసుక కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి.

ఈ మట్టితో ఏం చేయాలి? తిరుత్తణిలోనే వీరట్టానేశ్వరుని గుడి ఉంది. పల్లవరాజు అపరాజితవర్మ కాలంలో, అంటే తొమ్మిదో శతాబ్దం చివర్లో, నంబి అప్పి అనే ఆయన కట్టించిన రాతిగుడి. దాని విమానం వెనుకభాగం చదరంగా ఉండదు, ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. అందుకే దాన్ని గజపృష్ఠం అంటారు. రేణిగుంట దగ్గర గుడిమల్లంలోనూ ఇలాంటి విమానమే ఉంది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాలి. బయలుదేరే ముందు బడి మైదానంలో ఒక్కొక్కరూ పది అడుగులు నడిచి, తమ అడుగు ఎన్ని సెంటీమీటర్లో లెక్క కట్టుకోవాలి. గుడి దగ్గర పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచి, గుండ్రని భాగాన్ని చుట్టూ దారం పట్టి కొలిచి రాసుకోవాలి. రాళ్ల మీద కాగితం పెట్టి రుద్దడం, గీకడం వంటివి చేయకూడదు. కంటితో చూడడం, కాగితం మీద గీసుకోవడం, అంతే.

తిరిగి వచ్చాక మీటరుకు రెండు సెంటీమీటర్ల లెక్కన నమూనా కడతారు. ముందు గోడలకు మట్టిని రొట్టెలా వత్తి పలకలుగా కోసుకోవచ్చు. వెనుకవైపు గుండ్రనిదానికి పలక పనికిరాదు, వంచితే చీలుతుంది. దానికి మట్టిని పాములా పొడుగ్గా చేసి ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోవాలి. రెండు ముక్కలు అతికే చోట పుల్లతో గాట్లు పెట్టి, పలుచని బురద పూసి నొక్కాలి. గోడ ఎక్కడా ఒక వేలికన్నా మందంగా ఉండకూడదు, లోపల బోలుగా ఉండాలి. ఎందుకంటే మందపాటి ముద్దలో తడి మిగిలిపోతే, కాల్చేటప్పుడు ఆ నీరు ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది. నీడలో వారం పది రోజులు ఆరనిచ్చి, దగ్గరలో కుమ్మరి ఉంటే ఆయన ఆవంలో పెట్టమని బతిమాలుకోవచ్చు. లేకపోయినా ఫరవాలేదు, పచ్చిబొమ్మనే వానకు తడవని చోట దాచుకోవచ్చు. పలకతో కట్టలేనిదాన్ని చుట్టతో కట్టవలసివచ్చినప్పుడు, వెయ్యేళ్ల కిందటి స్థపతి రాతిలో ఆ గుండ్రదనాన్ని ఎలా తెచ్చాడా అన్న ప్రశ్న పిల్లవాడికి తనంతట తానే వస్తుంది. ఆ ప్రశ్న రావడమే మనకు కావలసింది.

జూలై నెల పని నేత. పాత చెప్పులపెట్టె అట్ట ఒకటి తీసుకుని, 20 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయండి. వెడల్పు అంచులు రెండింటి మీదా అరసెంటీమీటరుకు ఒకటి చొప్పున గాట్లు పెట్టండి. రెండు మూలలు వదిలేస్తే 23 గాట్లు వస్తాయి. వాటిలో దారాన్ని కిందికీ పైకీ బిగువుగా చుట్టండి. ఇది పడుగు. ఐస్‌క్రీం పుల్లకు మరో దారం చుట్టండి. అది మీ నాడె. దాన్ని ఒక పడుగు పైనుంచి, తరువాతి పడుగు కిందనుంచి పోనిస్తే పేక. తిరుగు వరసలో పైది కింద, కిందది పైన. ప్రతి వరసకూ దువ్వెనతో కిందికి జరపాలి. మగ్గంలో పన్నె చేసే పని ఇక్కడ దువ్వెన చేస్తుంది. నూలుకు ఖర్చు లేదు. నేత ఊళ్లలో మగ్గం దగ్గర మిగిలే తెగిన నూలు అడిగితే ఇస్తారు.

పది వరసలు నేసేసరికి దాదాపు ప్రతి పిల్లవాడి గుడ్డకూ నడుము సన్నబడుతుంది. పేకను మరీ బిగించి లాగడం వల్ల ఇలా అవుతుంది. అప్పుడు చెప్పాలి, పేకను తిన్నగా కాక కొంచెం విల్లులా వంచి పరచి ఆ తరువాత దువ్వమని. ముందే చెబితే ఎవరికీ గుర్తుండదు. నడుము సన్నబడ్డాక చెబితే జన్మలో మరచిపోరు.

ఇందులో మరో మెట్టు ఉంది. పడుగు ఎరుపు, పేక నీలం పెట్టి నేసి, గుడ్డను గోడకు తగిలించి పది అడుగుల దూరం నుంచి చూడమనండి. ఊదారంగు కనిపిస్తుంది. దగ్గరికి వస్తే ఊదా ఎక్కడా లేదు, ఎరుపూ నీలమే. మనవాళ్లు దీన్ని కలనేత అంటారు. సెల్‌ఫోను తెర మీద చిన్న నీటిచుక్క వేసి చూస్తే ఎర్రని, పచ్చని, నీలపు గళ్లు కనిపిస్తాయి. తెర మీది రంగులన్నీ ఆ మూడింటి కలయికే. కలనేత చీర చేసే పనీ, ఫోను తెర చేసే పనీ ఒకటే. ఈ సంగతి తెలిసిన తరువాత మగ్గం గుంటలో కూర్చున్న తాతను చూసే చూపు మారుతుంది.

ఆగస్టు పని అద్దకం. కానీ దానికి జూలైలోనే ఒక కుండ సిద్ధం చేసుకోవాలి. మనకు బస్సులో పూటలోగా చేరగల శ్రీకాళహస్తి కలంకారీకి పుట్టినిల్లు. బందరు దగ్గర పెడనలో కొయ్య అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో రాస్తారు. ఆ విద్య దాదాపు అడుగంటిపోతున్న దశలో, 1950వ దశకం చివర్లో, అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టారు. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంత విద్య బడిలో నేర్పలేము కాని, అందులోని నల్లరంగు రహస్యం ఒక్కటి పిల్లల చేత చేయించవచ్చు.

మట్టికుండలో ఒక లీటరు నీళ్లు పోసి, వంద గ్రాముల బెల్లం కరిగించి, రెండు గుప్పెళ్ల తుప్పుపట్టిన ఇనుపముక్కలు వేయండి. ఇనుపముక్కలను చేత్తో పట్టకుండా పట్టకారుతో వేయాలి. మేకు గీసుకుంటే ధనుర్వాతం భయం ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ముందే జాగ్రత్తపడడం మేలు. మూతి బిగించకుండా పలుచని గుడ్డ కట్టండి, పులిసేటప్పుడు లోపల వాయువు పుడుతుంది. కుండ మీద "తాగకూడదు" అని తెలుగులోనూ తమిళంలోనూ రాయండి. రోజూ కలుపుతూ ఉంటే రెండు మూడు వారాలకు రంగునీరు తయారవుతుంది. కలంకారీ వాళ్లు దీన్ని కసిమి అంటారు.

గుడ్డ కోసం అర మీటరు కోరా నూలుగుడ్డ తీసుకుని, సబ్బుతో ఉతికి గంజి పోగొట్టాలి. అర లీటరు పాలలో రెండు గుప్పెళ్ల కరక్కాయ పొడి కలిపి అందులో గుడ్డను నానబెట్టి, పిండి ఎండలో ఆరవేయాలి. పాలలోని వెన్న వల్ల రంగు గుడ్డ మీద పాకదు, గీత గీతగానే నిలుస్తుంది. కలం కోసం సన్నని వెదురుపుల్ల కొస చెక్కి, కొసకు పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో కట్టాలి. ఉన్ని రంగు పీల్చుకుని ఉంటుంది, వేలితో మెల్లగా నొక్కితే కొసకు దిగుతుంది. ముందు చింతబొగ్గుతో బొమ్మ గీసుకుని, ఆపైన కలంతో రాయాలి.

ఇక్కడ ఒక చిన్న వింత చూపించండి. ఆ రంగునీటితో మామూలు గుడ్డ మీద ఒక గీత, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఒక గీత గీయమనండి. మొదటిది వెలిసిన తుప్పుమరకలా ఉంటుంది. రెండోది కళ్లెదుటే నల్లబడుతుంది. ఎందుకంటే నలుపు కుండలో లేదు, గుడ్డలోనూ లేదు. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ పొత్తు కుదిరినప్పుడు పుడుతుంది. వగరు పదార్థాన్ని రసాయన శాస్త్రంలో టానిన్ అంటారు. సైన్సు టీచరును ఆ పిరియడుకు పిలవండి. మరీ మంచిది, ఆవిడ తన పిరియడే ఇస్తారేమో.

సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం. అది 1888లో ఇదే తిరుత్తణిలో పుట్టిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు. అప్పటికి మట్టి, నేత, అద్దకం మూడూ పూర్తవుతాయి. ఆ రోజు బడిలో చిన్న ప్రదర్శన పెట్టండి. ముఖ్య అతిథిగా ఊళ్లోని నేతగాణ్ణో, కుమ్మరినో పిలవండి. ఆయన ఏ పని ముందు ఎక్కువసేపు నిలబడ్డారో పిల్లలు గమనిస్తారు. ఏ బహుమతీ దానికి సాటిరాదు.

అక్టోబరు, నవంబరు వానలకు బయట పని సాగదు. అప్పుడు గదిలో కూర్చుని తీగతో బొమ్మలు చేద్దాం. మన జిల్లాలో తిరువాలంగాడు ఉంది. శివుడు నర్తించిన అయిదు సభల్లో అది రత్నసభ. ఆ ఊరి పేరుతో ప్రసిద్ధమైన చోళుల కాలపు కంచు నటరాజ విగ్రహం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఫ్రాన్సు దేశపు మహాశిల్పి రోడాన్ ఆ విగ్రహాల ఫొటోలు చూసి ముగ్ధుడై 1913లో ఒక వ్యాసం రాశాడు. ఆయన చనిపోయాక 1921లో అది అచ్చయింది. పారిస్‌లో కూర్చున్న మనిషి ఫొటో చూసి అంత పరవశించాడు. మనమో, రైలెక్కి వెళ్లి చూడగలిగి కూడా చూడం. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

అలాంటి విగ్రహాన్ని ముందు మైనంతో చేసి, పైన మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. అది బడిలో చేయగల పని కాదు. కానీ ఒంటికాలి మీద అంత బరువు ఎలా నిలిచిందో తెలుసుకోవడం చేయగల పనే. ఇళ్లు కట్టేవాళ్లు కమ్మీలు బిగించడానికి వాడే మెత్తని ఇనుపతీగ మీటరు ముక్క ఒక్కొక్కరికి ఇవ్వండి. దాన్ని మడిచి, తల, మొండెం, చేతులు, కాళ్లు గల మనిషిని చేయమనండి. తల మొత్తం ఎత్తులో ఏడో వంతు ఉంటే మనిషిలా కనిపిస్తుంది. ఆ తరువాత ఒక కాలు ఎత్తించమనండి. బొమ్మ పడిపోతుంది. పడనివ్వండి. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునేటట్లు, దారానికి చిన్న రాయి కట్టి బొమ్మ మెడ గుంటనుంచి వేలాడదీసి చూడమనండి. దారం నిలిచిన పాదానికి ఎంత దూరంగా పడితే బొమ్మ అంతగా ఒరుగుతుంది. నడుము కొంచెం పక్కకు, చేయి కొంచెం ఇవతలికి జరుపుతూ పోతే ఒక క్షణంలో బొమ్మ నిలుస్తుంది. అప్పుడు మళ్లీ నటరాజ విగ్రహం ఫొటో చూపించండి. ఎత్తిన కాలూ, చాచిన చేయీ అలంకారం కోసమే ఉన్నాయని అంతకుముందు అనుకున్నవాళ్లకు ఇప్పుడు వాటి పని అర్థమవుతుంది. డిసెంబరు, జనవరిలో ఆరుద్ర దర్శనానికి తిరువాలంగాడు వెళ్లే పిల్లలు ఈసారి విగ్రహాన్ని వేరే కళ్లతో చూస్తారు.

ఇక ధనుర్మాసం. ఆ నెల పని ముగ్గు. ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లలు తప్పుకుంటారు. వాళ్లను తప్పించుకోనివ్వకండి. చుక్కల చుట్టూ మెలికలు తిరిగే ముగ్గును మనవాళ్లు మెలికల ముగ్గు అంటారు, తమిళంలో సిక్కు కోలం అంటారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, వారితో కమలా కృతివాసన్ 1974లో ఈ ముగ్గుల మీద కంప్యూటరు శాస్త్ర పత్రిక ఒకదానిలో పరిశోధన వ్యాసమే రాశారు. మన వాకిట్లోని ముగ్గులో ఒక వ్యాకరణం ఉందని వాళ్లు చూపించారు.

పిల్లలతో ఇలా చేయించండి. మూడు వరసల్లో, వరసకు నాలుగేసి చుక్కలు పెట్టించండి. చుక్కల మధ్య సందుల్లోంచి ఏటవాలుగా గీత లాగుతూ, అంచు చుక్క దాటగానే దాని చుట్టూ మలుపు తిప్పి మళ్లీ లోపలికి రావాలి. చెయ్యి ఎత్తకుండా పోతే బయలుదేరిన చోటికే వస్తారు, చుక్కలన్నీ ఒకే గీతలో చుట్టబడతాయి. ఇప్పుడు మూడు వరసలు, మూడేసి చుక్కలు పెట్టించండి. ఈసారి ఒక్క గీతతో కాదు, విడివిడిగా మూడు గీతలు పడతాయి. నాలుగు వరసలు, ఆరేసి చుక్కలకు రెండు గీతలు. ఎందుకని? రెండు మూడు రోజులు చెప్పకండి. క్లాసులో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ఆరో తరగతిలో బట్టీ పట్టిన గ.సా.భా. ఇంటి వాకిట్లో అమ్మమ్మ చేతిలో ఉందని తెలిసిన పిల్ల, ఇక లెక్కలంటే భయపడుతుందా?

ఇవీ అయిదు పనులు. ఇక వీటిని నడిపే పద్ధతి గురించి నాలుగు మాటలు. పిల్లలను అయిదుగురేసి జట్లుగా చేయాలి. ప్రతి జట్టులోనూ ఆడపిల్లలూ మగపిల్లలూ, నేర్పరులూ బెరుకువాళ్లూ కలిసి ఉండాలి. ప్రతి ఒక్కరికీ ఒక పనిపుస్తకం ఉండాలి. అందులో ఈరోజు ఏం చేశాను, ఏది చెడింది, ఎందుకు చెడింది అని మూడు ముక్కలు రాయాలి. పుస్తకం చివరి పేజీల్లో ఆ పనిలో వచ్చిన మాటలను తెలుగులోనూ తమిళంలోనూ పక్కపక్కనే రాసుకోవాలి. మనం పడుగు అంటే తమిళంలో పావు అంటారు. తెలుగు ఇంటి పిల్ల తమిళమాట నేర్చుకుంటుంది, తమిళ ఇంటి పిల్ల తెలుగుమాట నేర్చుకుంటుంది. మాట తెలియనప్పుడు ఇంటికి పోయి తాతనో నానమ్మనో అడగమనాలి. ఎన్నాళ్లనుంచో తమను ఎవరూ ఏమీ అడగని ఆ పెద్దవాళ్ల మొహాలు అప్పుడు చూడాలి.

మార్కులు వేయవలసివస్తే బొమ్మ అందానికి తక్కువా, పనిపుస్తకానికి ఎక్కువా వేయండి. అందానికే మార్కులు వేస్తే చేతివాటం ఉన్న ఇద్దరు ముగ్గురికే పని మిగులుతుంది, తక్కినవాళ్లు మళ్లీ చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఇంకొక ప్రార్థన. పిల్లవాడి బొమ్మను మాస్టరు గారు తమ చేత్తో దిద్దవద్దు. వంకరగా ఉన్నా అది వాడిది. తల్లిదండ్రులు ప్రాజెక్టు పేరు చెప్పి అంగట్లో తయారైన వస్తువు కొని ఇవ్వవద్దు. కొన్న బొమ్మ చూడ్డానికి బాగుంటుంది, కానీ అందులో పిల్లవాడు నేర్చుకున్నది ఏమీ ఉండదు.

చివరగా తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్న. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో అయిదు పేపర్లు, అయిదువందల మార్కులు. బొమ్మకు అందులో చోటు లేదు కదా, ఈ మట్టిపిసుకుడు ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. 2015 నుంచి కేంద్రప్రభుత్వం కళా ఉత్సవ్ పేరిట, 2022 నుంచి తమిళనాడు ప్రభుత్వం కలై తిరువిళా పేరిట బడిపిల్లలకు కళల పోటీలు పెడుతున్నాయి. వాటిలో పాల్గొనవచ్చు. కానీ నా సమాధానం పోటీల గురించి కాదు. ఈ అయిదు పనుల్లో కొలత ఉంది, రసాయనశాస్త్రం ఉంది, బరువు నిలిచే సూత్రం ఉంది, చరిత్ర ఉంది, గ.సా.భా. ఉంది. పరీక్షలో అడిగేవి ఇవే కదా. చేతితో తెలుసుకున్నది పరీక్ష హాలులోనూ మరుపు రాదు. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని గాంధీగారు 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీంలోని సారమూ ఇదే.

పరీక్షకు అందనిది మరొకటి ఉంది. మన ఊరి పిల్లలు రేపు చెన్నైకి పోతారు, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు పోతారు, దేశాలు దాటి పోతారు. పోవలసిందే. పోయేటప్పుడు వెంట ఏం తీసుకుపోతారు? తాము పుట్టిన చోట వెయ్యేళ్లనాటి ఏనుగువీపు గుడి ఉందనీ, తమ తాత కలనేతలో రంగులు కలపడం ఎరుగుననీ, అమ్మమ్మ ముగ్గులో లెక్క ఉందనీ తెలిసి పోవడం వేరు, ఏమీ లేని ఊరినుంచి వచ్చామనుకుంటూ పోవడం వేరు. వెనక బెంచీలో "నాడె" అని సిగ్గుపడుతూ చెప్పిన ఆ పిల్లవాడు ఆ మాటను తలెత్తి చెప్పగలగాలి. అందుకు వారానికి ఒక పిరియడు చాలు. ఆ ఒక్క పిరియడును మాత్రం లెక్కల మాస్టారికి ఇవ్వకండి.

ఈ జూన్‌లో మీ ఊరి చెరువులో నీళ్లు తగ్గగానే రెండు బక్కెట్ల మట్టితో మొదలుపెట్టండి.